ఎక్కిన గేరులోనే దిగాలి

కొండెక్కుతానని మొక్కుకుంటాం. కొండ దిగుతానని మొక్కుకున్న మనిషి నాకింతవరకూ తారసపడలేదు. అలిపిరిలో మొదటి మెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి గోవిందనామంతో బయల్దేరినవాళ్లు దర్శనం కాగానే లడ్డూల సంచి పట్టుకుని బస్సు కోసం పరుగెడతారు. నల్లమలలో నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దాటి కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం చేరే శివస్వాములదీ అదే తీరు. అంత అడవినీ చెప్పుల్లేకుండా నడిచినవాళ్లు మల్లన్నను చూసుకున్నాక దోర్నాల ఘాట్ రోడ్డును బస్సు కిటికీ పక్క సీట్లో నిద్రపోతూ దిగుతారు. ఎక్కేటప్పుడు పడ్డ శ్రమను పదేళ్లు చెప్పుకుంటాం. దిగడం మాత్రం డ్రైవరు పని అనుకుంటాం.

మన పెద్దవాళ్ల లెక్క ఇలా ఉండేది కాదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న సామెత పుట్టిందే తిరిగొస్తారన్న నమ్మకం లేక. అందుకే వచ్చినవాడు వచ్చాక, తెచ్చిన గంగకు పూజ చేసి, బంధువులను పిలిచి కాశీ సమారాధన చేస్తే తప్ప యాత్ర ముగిసినట్టు కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర కాశీలో ఆగిపోదు. పోయిన దారిని ఎంత శ్రద్ధగా రాశాడో, తూర్పుతీరం వెంబడి తిరిగొచ్చిన దారినీ మజిలీ మజిలీకీ అంతే శ్రద్ధగా రాశాడు. దిగివచ్చే దారి కూడా యాత్రేనన్న ఆ ఎరుక మోటారు బండి వచ్చాక మనకు పోయింది. కాళ్లు చేయాల్సిన పనిని చక్రాలకు అప్పజెప్పాం. చక్రాలను పట్టి ఆపేదేమిటో అడగడం మానేశాం.

అడగాలనుకుంటే విజయవాడవాళ్లం దూరం పోనక్కర్లేదు.

డ్రమ్ము చెప్పే సంగతి

బందరు రోడ్డు నుంచి ఆటోనగర్ గేటులోకి తిరిగితే ఒక వరుసలో లారీలకు బాడీలు కట్టే షెడ్లు, ఇంకో వీధిలో కమాను కట్టలు విప్పి సరిచేసేవాళ్లు, ఆ పక్కన రేడియేటర్లు, లేతు మెషిన్లు. నీళ్లు పారడానికే వాలు వెతుక్కోవాల్సిన డెల్టా నేల ఇది. ఇక్కడ పుట్టి పెరిగినవాడికి కొండంటే ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం గుట్టలు, కాస్త అవతల మంగళగిరి, కొండపల్లి. అయినా ఘాట్ రోడ్ల గురించి ఇంత తెలిసిన మనుషులు ఇంతమంది ఒక్కచోట దొరకడం కష్టం. కారణం ఈ ఊరు కూడలి కావడమే. చెన్నై నుంచి కలకత్తా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ మీదుగా పుణె పోయే 65, ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై భద్రాచలం, కుంట, జగదల్‌పూర్ దాటి రాయపూర్ వైపు పోయే 30, మూడూ ఇక్కడే కలుస్తాయి. 30 మీద పోయే లారీ బస్తర్ దాటుతూ కేశ్‌కాల్ ఘాట్ మలుపులు దిగి తీరాలి. అరకు పోయే టూరిస్టు బస్సుకు అనంతగిరి ఘాట్, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు పోయేదానికి ఆ అడవి ఘాట్, శ్రీశైలం పోయేదానికి దోర్నాల. అవన్నీ దిగి వచ్చిన బండ్లు చివరికి ఈ వీధుల్లోనే జాకీల మీద నిలబడతాయి.

చక్రం ఊడదీసి బ్రేకు డ్రమ్ము బయటికి లాగితే ఆ బండి ఎక్కడెక్కడ తిరిగిందో చేయి తిరిగిన మేస్త్రీకి చాలావరకు తెలిసిపోతుంది. మైదానంలో తిరిగిన బండి డ్రమ్ము లోపలివైపు ఒకే తీరుగా మెరుస్తూ ఉంటుంది. ఘాట్ మీద బ్రేకు తొక్కుతూనే దిగిన బండి డ్రమ్ములో నీలిరంగు మచ్చలు, వెంట్రుకవాసి బీటలు కనపడతాయి. డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపే లైనరు పైభాగం అద్దంలా నునుపు తేలి ఉంటుంది. పట్టుకోవాల్సిన గరుకుతనం కాలిపోయిందన్నమాట. అలాంటి లైనరు షూ మీద ఇంకా సగం మందం ఉన్నా దాన్ని తీసి అవతల పారేయాల్సిందే. మందం చూసి సరిపెట్టుకునే ఓనర్లకు ఈ ఒక్క విషయం నచ్చజెప్పడమే ఈ పనిలో కష్టమంతా.

ఎందుకు కాలుతుందో లెక్క చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మనుషులతో కలిపి 10 టన్నులుండే బస్సు తిరుమల నుంచి తిరుపతికి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను డీజిలు కాల్చి ఆ బరువులోకి నింపిన శక్తి అంతా దిగేటప్పుడు బయటికి రావాలి. వేరే దారి లేదు గనక వేడిగానే వస్తుంది. ఆ వేడితో మామూలు నీళ్లు 200 లీటర్లకు పైగా మరగబెట్టొచ్చు. అదంతా నాలుగైదు వేళ్ల వెడల్పుండే లైనర్ల మీదా, వాటి చుట్టూ తిరిగే ఇనప డ్రమ్ముల మీదా పడితే డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది, లైనరు జారుడు తేలుతుంది, పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. పైగా ఎయిర్ బ్రేకు బండిలో పదే పదే తొక్కి వదులుతుంటే కంప్రెసర్ నింపే దానికంటే త్వరగా ట్యాంకులో గాలి ఖర్చవుతుంది. బ్రేకు ఫెయిలైందని మర్నాడు పేపర్లో చదువుతాం. అది చాలాసార్లు ఆ క్షణంలో విరిగిన వస్తువు కాదు, కొండ పై నుంచి మలుపు మలుపుకూ కొంచెం కొంచెంగా చచ్చిపోతూ వచ్చిన బ్రేకు.

దీనికి పాత డ్రైవర్లు కొత్తవాళ్లకు నేర్పే విరుగుడు ఒక్క ముక్కలో ఉంది. ఎక్కిన గేరులోనే దిగాలి. రెండో గేరులో ఎక్కిన ఎత్తును రెండో గేరులోనే దిగితే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంజను పొగను బిగబట్టి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్న బండిలో దాన్ని వాలు మొదట్లోనే వేయాలి తప్ప వేగం అందుకున్నాక కాదు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి వదిలేవాడు మిగిల్చేది చెంబుడు డీజిలు కూడా ఉండదు. పోగొట్టుకునేది మాత్రం ఇంజను పట్టు మొత్తం.

తిరుమల కొండకు ఈ సంగతి బాగా తెలుసు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి మాత్రమే, 1970ల్లో వచ్చిన రెండోది ఎక్కడానికి మాత్రమే. ఎదురు బండి భయం లేకుండా చేయడం ఒక ఎత్తయితే, వేళ కట్టడి చేయడం ఇంకో ఎత్తు. కొండెక్కే బండి 28 నిమిషాలకంటే ముందు, దిగే బండి 40 నిమిషాలకంటే ముందు అవతలి గేటు చేరితే వేగంగా వచ్చినట్టు లెక్కగట్టి జరిమానా వేస్తారు. ఎక్కడానికంటే దిగడానికి ఎక్కువ వ్యవధి కేటాయించిన కొండ అది. మన యాత్రల ప్లానులన్నీ దీనికి తలకిందులుగా ఉంటాయి. పోయేటప్పుడు నాలుగు గుళ్లు, రెండు జలపాతాలు చూసుకుంటూ పోతాం. వచ్చేటప్పుడు సోమవారం పొద్దున ఆఫీసు, స్కూలు అంటూ డ్రైవరు మెడ మీద కూర్చుంటాం.

మోకాలు కూడా బ్రేకే

చక్రాలనే కాదు, కాళ్లనూ ఇదే లెక్కతో చూడాలి. ఎక్కేటప్పుడు తొడ ముందరి కండరం ముడుచుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. ఊపిరి ఆడదు, గుండె దడదడలాడుతుంది, కానీ ఆగి నిలబడితే సర్దుకుంటుంది. దిగేటప్పుడు అదే కండరం బరువును మోస్తూనే సాగాలి. అడుగడుగునా ఒంటిని పడిపోకుండా పట్టి ఆపే బ్రేకు పని అది. ఆయాసం ఉండదు గనక సుఖంగానే ఉందనుకుంటాం. లోపల కండరపు పోగులు సూక్ష్మంగా చిట్లుతూనే ఉంటాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య పైకొస్తుంది. ట్రెక్ అయిన మర్నాడు రైల్లో పైబెర్తు దిగలేక కూర్చుండిపోయేవాళ్ల బాధకు మూలం ఎక్కుడు కాదు, దిగుడే.

భీమునికొలను దగ్గర ఇది బాగా తెలుస్తుంది. అక్కడ దారి ముందు లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారం దాకా ఎక్కుతుంది. 14వ శతాబ్దంలో అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఎత్తయిన రాతిమెట్ల మీద కుర్రాళ్లు గెంతుతూ దిగుతారు, పెద్దవాళ్లు పక్కకు తిరిగి ఒక్కో కాలూ మోపుతూ దిగుతారు. అవతలి గట్టు ఎక్కేసరికి కాళ్లు వణికేది గెంతినవాళ్లకే. కర్ర పట్టుకున్న ముసలమ్మలు నిదానంగా నడుస్తూ వాళ్లను దాటిపోతుంటారు. అడుగు చిన్నది వేయడం, మోకాలు కాస్త వంచి ఉంచడం, బరువు కొంత కర్ర మీదికి నెట్టడం వాళ్లకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. నడకే నేర్పింది.

డెల్టావాళ్లం మంచుకొండలకు పోయేముందు చేసే సాధన గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. అందరూ ఎక్కడమే సాధన చేస్తారు. మంగళగిరి మెట్లు పరుగున ఎక్కి టైము చూసుకుంటారు. దిగడం సాధన చేయాలి. వాలులో నిదానంగా దిగడం ఒకటి రెండుసార్లు అలవాటైన కండరం తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినదని క్రీడావైద్యంలో బాగా రుజువైన సంగతి. ప్రయాణానికి ముందు వారాల్లో గాంధీ కొండో కొండపల్లి కోట దారో సంచి భుజాన వేసుకుని దిగి చూసుకోవడానికి ఖర్చేమీ లేదు.

శిఖరం నుంచి కిందికి

ఎత్తు పెరిగేకొద్దీ ఈ లెక్క ఇంకా కఠినంగా మారుతుంది. 1921 నుంచి 2006 దాకా ఎవరెస్టు మీద జరిగిన మరణాలను పరిశీలించిన వైద్యుల బృందం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక నివేదిక ప్రచురించింది. 8,000 మీటర్లు దాటాక చనిపోయిన పర్వతారోహకులు 94 మంది. అందులో 53 మంది శిఖరం నుంచి దిగుతూ పోయారు. ఇంకో 16 మంది శిఖరం చేరకుండా వెనక్కి తిరిగాక పోయారు. ఎక్కుతూ పోయినవాళ్లు పదిమంది లోపే. బలమంతా శిఖరం దాకా ఖర్చయిపోతుంది, ఆక్సిజన్ సీసా అడుగంటుతుంది, పొద్దు వాలుతుంది. ప్రాణవాయువు చాలని మెదడు తాను సరిగ్గా ఆలోచించడం లేదన్న సంగతినే గుర్తించలేదు. అందుకే అనుభవజ్ఞులు మధ్యాహ్నం ఫలానా గంటకల్లా ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే గీత గీసుకుంటారు. 1996 మేలో ఆ గీత దాటి పైకి పోయినవాళ్లు తుపానులో చిక్కుకుని, ఆ రెండు రోజుల్లో 8 మంది చనిపోయారు.

అందుకే నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, చర్ల కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారన్న వార్తలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది వాళ్లు క్షేమంగా దిగారన్నది. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటూ, భువనగిరి రాతిగుట్ట మీదా, తర్వాత డార్జిలింగ్‌లోనూ సాధన చేసిన పిల్లలు. టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏప్రిల్లోనే నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది స్థానిక కూలీలు, షెర్పాలు చనిపోయారు. అది విన్న తర్వాత కూడా వెనకాడకుండా ఎక్కి, అంత ఎత్తు నుంచి తాళ్ల వెంబడి బేస్ క్యాంపుకు దిగి, ఇంటికొచ్చి పుస్తకాలు పట్టుకున్నారు. మనం శిఖరం మీద జెండా ఫొటోనే గోడకు తగిలించుకున్నాం. ఆ పిల్లలు దిగిన దారి గురించి వాళ్లను కూర్చోబెట్టి అడిగింది తక్కువ.

పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు కథ వేరు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే ఊళ్లో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు కోల్పోయిన సైనికుల్లో ఆ స్కూలు పూర్వ విద్యార్థి ఒకరున్నారు. పర్వతాల మీద మనసు పడటానికి బీజం ఆ బడిలోనే పడింది. ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం చదువులు చదివి, ఉద్యోగం పక్కనపెట్టి 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడు. ఏడుసార్లు ఎక్కాడంటే ఏడుసార్లు దిగాడని కూడా. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ సుర్ అనే 6,749 మీటర్ల శిఖరం వైపు ఒంటరిగా బయల్దేరాడు. మళ్లీ కబురు లేదు. సోషల్ మీడియాలో మిత్రులు చేసిన విజ్ఞప్తులు ప్రపంచమంతా తిరిగాయి. రెండు దేశాల వైపు నుంచీ వెతికారు. ఏప్రిల్ మొదటి వారంలో భౌతికకాయం కనపడింది. అక్కడి నుంచి కిందికి దించి, కాగితాలు పూర్తి చేసి, ఖండాలు దాటించి చెన్నై మీదుగా ఊరికి తేవడానికి మూడు వారాలు పట్టింది. తల్లి ఎదురుచూసిన ఆ మూడు వారాలను తలుచుకుంటే, పర్వతారోహణలో దిగివచ్చే భాగానికి మనం పెట్టాల్సిన విలువ ఎంతో అర్థమవుతుంది. ఏ శిఖరానికీ ఒంటరిగా పోవద్దని నేను చెప్పను, అది ఎక్కేవాళ్ల స్వేచ్ఛ. పోయేవాడు ఏ గంటకు తిరిగి కబురు పెట్టాలో, పెట్టకపోతే ఎవరు కదలాలో ముందే రాసి ఇంట్లో ఉంచాలన్నంత వరకు అడుగుతాను.

హిల్సాలో వాన

పర్వతారోహకులు కొద్దిమంది. కైలాస మానసరోవర యాత్రకూ ముక్తినాథ్‌కూ పోయే తెలుగువాళ్లు మాత్రం ఏటేటా పెరుగుతున్నారు. చాలామంది అరవై దాటినవాళ్లు, పదవీ విరమణ డబ్బుతో జీవితకాలపు కోరిక తీర్చుకుంటున్నవాళ్లు. నేపాల్ మీదుగా పోయే దారిలో లక్నో నుంచి రోడ్డు మీద నేపాల్‌గంజ్, అక్కడి నుంచి చిన్న విమానంలో సిమికోట్, అక్కడి నుంచి హెలికాప్టర్లో హిల్సా. కర్ణాలి నది మీద వంతెన దాటితే టిబెట్. మానసరోవరంలో స్నానం చేసి, 5,600 మీటర్లకు పైనున్న డోల్మా కనుమ దాటుతూ 52 కిలోమీటర్ల కైలాస పరిక్రమ పూర్తి చేస్తే అక్కడికి కోరిక తీరింది. కానీ ఇంటికి చేరాలంటే ఆ వంతెన, ఆ హెలికాప్టరు, ఆ చిన్న విమానం మూడూ మళ్లీ కలిసి రావాలి. మూడింటికీ ఆకాశం తెరిపి ఇవ్వాలి.

2018 జులై మొదట్లో ఇవ్వలేదు. వాన తగ్గలేదు, మబ్బు విడవలేదు, చూపు ఆనకపోతే ఎగరలేని విమానాలు నేల మీదే ఉండిపోయాయి. పరిక్రమ ముగించి దిగివస్తున్నవాళ్లలో సిమికోట్‌లో సుమారు 525 మంది, హిల్సాలో 550 మంది, టిబెట్ వైపు మరో 500 మంది చిక్కుకున్నారని విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. హిల్సా అంటే కొండ అంచున కొన్ని గదులు. పదిమంది పడుకోవాల్సిన చోట ఎందరో, వైద్యం అంతంతమాత్రం, చలి, రొట్టె కోసం వరుసలు. ఇళ్ల దగ్గర పిల్లలు ఫోను పట్టుకుని కూర్చున్నారు. కాఠ్మాండూలోని భారత రాయబార కార్యాలయం తెలుగు, తమిళం, కన్నడం, మలయాళాల్లో మాట్లాడేవాళ్లతో హాట్‌లైన్లు పెట్టింది. అంత కష్టంలో అమ్మానాన్నల సంగతి సొంత భాషలో చెప్పే గొంతు దొరకడం ఎంత ఊరటో ఆ రోజుల్లో ఎదురుచూసినవాళ్లకే తెలుస్తుంది. మబ్బు విడిచిన గంటా రెండు గంటల్లో విమానాలు వంతులు వేసుకుని ఎగిరి కొన్ని రోజులకు అందరినీ కిందికి చేర్చాయి.

2025 సెప్టెంబరులో దారి మూసుకుపోయింది వానవల్ల కాదు. నేపాల్‌లో యువత ఆందోళనతో ప్రభుత్వం కూలిపోయింది, కాఠ్మాండూ విమానాశ్రయం మూతపడింది. ముక్తినాథ్ దర్శనానికి వెళ్లినవాళ్లతో సహా తెలుగువాళ్లు హోటళ్లలో ఉండిపోయారు, బయట పొగ, కాల్పుల శబ్దాలు. సెప్టెంబరు 11న ప్రత్యేక విమానంలో వందమందికి పైగా విశాఖ, తిరుపతి చేరారు. ఈ రెండు ఘటనల నుంచి నాకు అర్థమైంది ఒకటే. ఈ యాత్రల ప్యాకేజీలో పోవడానికి ఎన్ని రోజులో, రావడానికి ఎన్ని ఖాళీ రోజులున్నాయో ముందు చూడాలి. ఒక్క ఖాళీ రోజు కూడా లేని ప్లాను అంటే ఆకాశం తప్పకుండా తెరిపి ఇస్తుందని పందెం కట్టడం. బీపీ, షుగరు మాత్రలు ఎన్ని రోజులకు వెళ్తున్నామో అన్నికాదు, దానికి పది రోజులు కలిపి తీసుకెళ్లాలి, అవీ చేతిసంచిలో. ఎత్తు మీద తల పగిలేలా నొప్పి, తడబడే నడక, నిలబడి ఉన్నా తగ్గని ఆయాసం వస్తే ఆ మనిషిని వెంటనే కిందికి దించడమే వైద్యం, దర్శనం ఎంత దగ్గర్లో ఉన్నా సరే.

రక్షించడానికి వచ్చినవాళ్లకూ తిరుగు దారి భయమే. 2013 జూన్ వరదల్లో కేదార్‌నాథ్ కొట్టుకుపోయినప్పుడు యాత్రికులను తీసుకొచ్చేందుకు వైమానిక దళం రోజుల తరబడి ఎగిరింది. జూన్ 25న కేదార్‌నాథ్ నుంచి తిరిగొస్తున్న ఎంఐ-17 గౌరీకుండ్ దగ్గర కూలి 20 మంది సిబ్బంది అమరులయ్యారు. 2025 జూన్ 15న అదే ప్రాంతంలో, కేదార్‌నాథ్ నుంచి గుప్తకాశీకి దిగుతున్న యాత్రికుల హెలికాప్టర్ కూలి ఏడుగురు పోయారు.

మన కొండ, మన బస్సు

హిమాలయం దాకా పోనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు అంజన్న గుట్ట మీది నుంచి దిగుతున్న ఆర్టీసీ బస్సు, దాదాపు కిందికి చేరాక, లోయలో పడింది. అందులో వందమందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ఆస్పత్రికో పనికో బయల్దేరినవాళ్లు. ఆర్టీసీ చరిత్రలో అంత ఘోరం ఇంకోటి లేదు. అంత బరువుతో అంత వాలు దిగుతున్న బస్సులో ప్రతి అదనపు మనిషీ లైనరు మీద పడే వేడిని పెంచుతాడు. సీటు దొరకలేదని బాధపడతాం గానీ, నిలబడ్డవాళ్ల బరువు చివరి మలుపులో ఎవరు మోస్తారో లెక్కగట్టం. ఆ ఊళ్లలో ఒక్కో వీధిలో ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో తెలిసీ, నిండిన బస్సును ఘాట్ దిగనిచ్చే ఏ అధికారినైనా, ఏ ఓనరునైనా క్షమించడం నావల్ల కాదు.

మన డెల్టాకు ఏటా శబరిమల కాలం వస్తుంది. కార్తీకం నుంచి మకరజ్యోతి దాకా విజయవాడ నుంచి బయల్దేరే స్వాముల బస్సులకు లెక్కలేదు. కాణిపాకం, అరుణాచలం, పళని, మధుర, రామేశ్వరం, కన్యాకుమారి చూసుకుంటూ పోతారు. నిలక్కల్‌లో బస్సు ఆపి, పంబ చేరి, నీలిమల, అప్పాచిమేడు ఎక్కి, ఇరుముడితో పద్దెనిమిది మెట్ల పదునెట్టాంబడి ఎక్కుతారు. చాలామంది ఇంటికి చేరాక తల్లి చేతనో గురుస్వామి చేతనో మాల తీయించుకుంటారు. అప్పటిదాకా దీక్ష నడుస్తున్నట్టే. కానీ దర్శనం అయిన క్షణం నుంచి బస్సులో మాట మారిపోతుంది. ఎప్పుడు బయల్దేరతాం, ఎప్పుడు చేరతాం. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, మధ్యలో ఆగితే అదనపు రోజు బాడుగ. స్వాములు కొండ మీద వరుసలో నిలబడ్డంతసేపూ డ్రైవరు నిలక్కల్ ఎండలో వేడెక్కిన బస్సులో పడుకుని ఉంటాడు. దాన్నే ఆయన నిద్రగా లెక్కేస్తాం. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య మనిషి ఒళ్లే నిద్రను లాక్కొస్తుంది. అప్పుడు ఎన్ని టీలు తాగించినా ఆ రెప్పపాటును ఆపలేం. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు మామూలుగా రోజుకు 8 గంటల పని అనేది, 5 గంటలు వరసగా నడిపాక కనీసం అరగంట విరామం ఇవ్వాలనేది. ఆ విరామాన్ని అడిగి పుచ్చుకునే చేవ బాడుగ డ్రైవరుకు ఉండదు. బస్సు మాట్లాడుకున్నవాళ్లకు ఉంటుంది.

అందుకే బస్సు ఖరారు చేసే ముందు చూడాల్సింది ఏసీ పనిచేస్తుందా, టీవీ ఉందా అని కాదు. ఓనరుతో కలిసి ఒక్క పూట ఆటోనగర్ పోయి, ముందూ వెనకా డ్రమ్ములు ఊడదీయించి లైనర్లు కళ్లారా చూడాలి. ఎయిర్ ట్యాంకు అడుగున తేమ నీళ్లు వదిలించి, షూకూ డ్రమ్ముకూ మధ్య సందును సర్దే స్లాక్ అడ్జస్టర్లు సరిచూపించి, గాలి నింపి ఇంజను ఆపితే గేజి ముల్లు ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. ఇవన్నీ ఆ మేస్త్రీలకు రోజువారీ పనే, సీజను రద్దీలో ఓనరు తొందరపెట్టకుండా ఉంటే చాలు. రెండో డ్రైవరు ఉండాలి, అతను క్లీనరు పని చేస్తూ మెలకువగా ఉండకుండా వెనక సీట్లో నిజంగా నిద్రపోవాలి. నిలక్కల్‌లో ఇద్దరికీ నీడ పట్టున పడుకునే చోటు చూడాలి. తిరుగు దారిలో ఒక రాత్రి ఎక్కడో ఆగాలి. ఆ రాత్రికయ్యే సత్రం ఖర్చు, అదనపు రోజు బాడుగ బస్సులో ఉన్న స్వాములందరికీ పంచితే తలా పడేది కొద్దిగానే. ఆ డబ్బు ఇరుముడి కట్టే రోజే వసూలు చేసి విడిగా ఉంచమని, దాన్ని దారిలో ఇంకో గుడికో షాపింగుకో కదపవద్దని, ఈ ఏడు బస్సు తీసుకెళ్తున్న ప్రతి గురుస్వామినీ చేతులు జోడించి అడుగుతున్నాను.